గడ్డి చదువుకి పోయిన పాపకి

పాపా, ఎట్లుండావ్? ఇక్కడ అందరం బాగుండాం. మీయమ్మ మోకాలు అట్లే ఉంది, ఆయింట్‌మెంట్ తెచ్చిస్తే అల్మరాలో దాచిపెట్టింది. ఎర్రావు ఈనింది, కోడెదూడ. శివరాత్రి నుంచి నీ ఫోన్ లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మొకటి పంపిస్తావు, దాన్ని ఏమని అర్థం చేసుకోవాల మేము? సరే పనిలో ఉంటావులే అని ఊరుకున్నా.

మొన్న అనంతపురం పోయినప్పుడు చిన్నాయన కొడుకు కనబడినాడు, వాడు బ్యాంకు కోచింగ్‌లో చేరినాడు కదా, టీ తాగుతా మాటల్లో "అక్క కూడా బ్యాంకులో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఎగ్జామ్‌కి మెటీరియల్ అడిగింది పెదనాయనా" అన్నాడు. నేనేమీ అనలా. ఫ్రెండ్ ఎవరికో అడిగి ఉంటావు. నేను ఉత్తరం రాసేది దాని గురించి కాదు.

నువ్వు చదివే ఝాన్సీలో ఎండలు మనకంటే ఎక్కువంట కదా, టోపీ పెట్టుకుంటాండావా? మధ్యాన్నం పూట మీ గడ్డి మడుల్లోకి పోవద్దు, పొద్దున్నే పోయి పదికల్లా వచ్చేయ్. మజ్జిగ తాగు. ఆ చపాతీలు పడకపోతే హాస్టల్‌లో చెప్పి అన్నం పెట్టించుకో, అడగడానికి నామోషీ ఎందుకు.

నువ్విచ్చిన స్టైలో అనే పశువుల మేత గింజలు గట్టు మీద బాగా పట్టుకున్నాయి. గింజల్ని వేడినీళ్ళలో ముంచి చల్లమంటే మీయమ్మ ఎంత గోల చేసింది, ఇత్తనాన్ని ఉడకబెట్టే చదువు ఏం చదువే అని. గింజ తోలు గట్టిది, అట్లా చేయకపోతే మొలకెత్తదు అని నువ్వు చెప్తాంటే వినకుండా పోయింది. ఇప్పుడు వచ్చినోళ్ళందరికీ ఆమే చూపిస్తాంది, మా పాప గడ్డి అని.

నీకు గుర్తుందో లేదో, పోయినేడు కార్తీకంలో వచ్చినప్పుడు గుట్టకింద బీడులో కొలతలు తీస్తానని పోయినావు కదా, నేను సంచి మోసుకోని వెనకాల వచ్చినా. ఆ ఇనుప చట్రం నేల మీద పెట్టి, లోపలున్న గడ్డి వరకే కొడవలితో కోసి, గరిక ఒక కవర్లో, ముళ్ళగింజల గడ్డి ఒక కవర్లో వేసి పెన్నుతో నంబర్లు రాస్తాండావు. అప్పుడు గొర్రెలోళ్ళు నలుగురు కర్రలు పట్టుకోని వచ్చి నిలబడినారు. సోలార్ సర్వే వచ్చిందనుకున్నారు పాపం. ఎన్.పి.కుంట సోలార్ పార్కు చూసినప్పటి నుంచి ఎవరు టేపు పట్టుకోని బీట్లోకి దిగినా మేత బీడు పోతాదని వాళ్ళకి అదే భయం. నేను చెప్పబోతే నువ్వు ఆపి, కింద కూర్చోని, గొర్రె మొదట ఏ గడ్డి మేస్తాది తాతా అని ఆ ముసలాయన్ని అడిగితివి. ఆయన ఇంక వదల్లా. వాన పడిన ఎన్నాళ్ళకి ఏది మొలుస్తాది, ఏది పాలిచ్చే గొర్రెకి మంచిది, ఏది తింటే కడుపు ఉబ్బుతాది, చెప్తానే ఉండాడు, నువ్వు రాస్తానే ఉండావు, నాకు ఆకలి దంచేస్తాంది. ఒకసారి గొర్రెల మంద మేసిన చోటికి నెల దాటినాకే మళ్ళీ పోవాల అన్నాడు ఆయన. నీ మొహం చూడాల అప్పుడు. మా పుస్తకాల్లో ఉండేది ఇదే తాతా, ఆకు సగమన్నా మిగిలితేనే వేరు నిలబడుతుంది, నేలమట్టం మేపితే వేరు కురచబడి గడ్డి చస్తుంది, ఆ ఖాళీలో సర్కారు తుమ్మ దూరుతుంది అని చెప్పినావు. అసలు మేపకపోయినా పాత గడ్డి ముసిరి కొత్తది రాదని కూడా చెప్పినావు, అది నాకు కొత్త. ఆయన ఇప్పటికీ సంతలో కనబడితే అడుగుతాడు, గడ్డి పాప ఎప్పుడొస్తాదని. నేనేం చెప్పాల, బ్యాంకులో లోన్లిస్తాదని చెప్పాలా?

ఆ చట్రం ఇక్కడే మర్చిపోయినావు, మీయమ్మ దానికి వల కట్టి పాలగిన్నె మీద మూస్తాంది.

బ్యాంకు ఉద్యోగం తప్పని నేను అనడంల్యా. నెలనెలా జీతం, ఎవరికి చేదు. నీ ఫెలోషిప్ నెలల తరబడి రాదని తెలుసు, పీహెచ్‌డీ అయినాక కూడా పోటీ పరీక్షలు రాయాల, పోస్టులు పడాల, పడేదాకా ఆ ప్రాజెక్టు ఈ ప్రాజెక్టు అని తిరగాల. అన్నీ తెలుసు. కానీ వానలు ఒకేడు ఉన్నట్టు ఒకేడు ఉండవు, అందుకే మూడు వానాకాలాల లెక్క కావాలన్నావు కదా, రెండు అయినాయి, ఈ జూన్ దాటితే మూడోది. ఇప్పుడు వదిలేస్తే ఆ రెండేళ్ళ కవర్లు, తూకాలు ఎవరికి పనికొస్తాయి? మన జిల్లాలో సాలంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అందరం చెనక్కాయ వేసి ఆకాశం చూస్తాంటిమి, పంట పోయిన ఏడు మేతకి చెనక్కాయ కట్టె కూడా మిగల్దు, గొడ్లని అమ్ముకున్నాం. గడ్డి గురించి చదివినోళ్ళు మనకి ఎంతమంది ఉండారు? ఈ 2026ని ఐక్యరాజ్యసమితోళ్ళు పచ్చికబయళ్ళకి, పశువుల కాపర్లకి అని పెట్టినారని నువ్వే కదా చెప్పింది, సంకురాత్రికి, ఎంత ఎగిరినావు.

చెల్లి ఫీజు గురించయితే అది నా లెక్క, నువ్వు వేలు పెట్టొద్దు. బంగారం బ్యాంకులో ఉందని చెల్లే చెప్పుంటాది నీకు, దాని నోరు ఆగదు. కందులు అమ్మినా, వడ్డీ కట్టినా. చాలా?

రాయకూడదనుకునే మొదలుపెట్టినా, రాసేసినా. మీ గైడ్ ఏమన్నా అన్నాడా? అంటే చెప్పు. ఆడ తిండి, ఎండ, ఒంటరిగా ఉండేది కష్టమయితే అదన్నా చెప్పు, నేను కర్నాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తా, అనంతపురంలో ఎక్కితే నేరుగా ఝాన్సీలో దిగొచ్చు. మీయమ్మ నన్ను పోవద్దంటాది, తన మోకాలు సాకు పెట్టి, నిజానికి తానే రావాలని ఆమెకి.

మన సుబ్బారాయుడు మామ శుక్రవారం ఢిల్లీకి పోతాండాడు, ఆయన చేతికి చెనక్కాయ పొడి, కొర్రబియ్యం, ఓళిగలు ఇచ్చి పంపిస్తాం. బండి ఎప్పుడొస్తాదో ఫోన్లో చూసుకోని ప్లాట్‌ఫారం మీదికి ముందే పో, ఆయన దిగడు, కిటికీలోనుంచి ఇస్తాడు. ఓళిగలు ముందు తినేయ్, రూమ్మేట్లకి పొడి పెట్టు, కారం ఎక్కువుంది, నెయ్యి వేసుకోమని చెప్పు. స్టీలు డబ్బా మీ అవ్వది, పోగొట్టొద్దు. ఆదివారం ఫోన్ చెయ్, మిద్దె మీద ఉంటా, కింద సిగ్నల్ లేదు.

మీ నాయన