పియానో వాయించినమ్మాయి పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం సిటీ పేజీలో పాశ్చాత్య సంగీత కచేరీ వార్త ఒకటి వేశారు. గాయని పేరుంది, ఆమె గురువు పేరుంది, జ్యోతి వెలిగించిన అతిథుల పేర్లు ఐదున్నాయి. కచేరీ సాంతం పియానో వాయించిన అమ్మాయి పేరు మాత్రం లేదు. ఫొటోలోనూ మోచెయ్యి వరకే పడింది. పొద్దున్నే వాళ్ల నాన్న నాలుగు పేపర్లు కొనుక్కొచ్చారట. ఆ అమ్మాయి నా దగ్గర పదకొండేళ్లు నేర్చుకుంది. ఉండబట్టలేక రాస్తున్నాను.

ఆరోజు పాడినవాటిలో ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1815లో స్వరపరిచిన 'ఎర్ల్‌కోనిగ్' అనే పాట ఉంది. కొడుకును పొదివి పట్టుకుని ఓ తండ్రి రాత్రివేళ గుర్రం మీద పోతుంటాడు. ఆ గుర్రం పరుగంతా పియానోలోనే వినిపించాలి. కుడిచెయ్యి అవే స్వరాలను మూడేసి దెబ్బల చొప్పున దాదాపు నాలుగు నిమిషాలు కొడుతూనే ఉండాలి. గాయనికి మధ్యలో ఊపిరి తీసుకునే చోట్లుంటాయి, మణికట్టుకు అవి ఉండవు. ఈ ఒక్క పాటకే ఆ అమ్మాయి రెండు నెలలు సాధన చేసింది. చెయ్యి బిగుసుకుపోతే వేణ్నీళ్లలో పెట్టుకుని, తుడుచుకుని మళ్లీ కూర్చునేది. కచేరీలో చివరి పేజీ దగ్గర గాయని టెన్షన్‌లో ఒక బీటు ముందే అందుకుంది. ఈ పిల్ల ఆ బీటు వదిలేసి టక్కున ఆమెతో కలిసిపోయింది. వాళ్లిద్దరికీ నాకూ తప్ప హాల్లో ఎవరికీ తెలిసుండదు.

జెరాల్డ్ మూర్ అనే ఇంగ్లిష్ పియానిస్టు జీవితమంతా ఇతరుల పాటకు వాయిస్తూనే గడిపారు. 1967 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో ఆయన వీడ్కోలు కచేరీకి ఫిషర్-డీస్కావ్, ష్వార్జ్‌కాఫ్, విక్టోరియా డి లాస్ ఏంజెలెస్ వచ్చి పాడారు. ఆఖర్న ఆయనొక్కరే కూర్చుని షూబర్ట్ పాట 'అన్ డీ మ్యుజీక్'ను గొంతు లేకుండా వాయించారు. ఆ రికార్డింగ్ నా దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ వినిపిస్తాను.

అమెరికాలో గ్వెండొలిన్ కోల్డాఫ్‌స్కీ అనే ఆవిడ 1947లోనే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇలా పక్కన వాయించే విద్యకు విడిగా డిగ్రీ పెట్టారు. ఆమె శిష్యుడు మార్టిన్ కాట్జ్ గాయని మార్లిన్ హార్న్‌కు ఏళ్ల తరబడి వాయిస్తూనే, మిషిగన్ యూనివర్సిటీలో ఎందరికో నేర్పారు. ఇప్పుడక్కడ అకంపనిస్ట్ అనే మాట తగ్గి, కొలాబరేటివ్ పియానిస్ట్ అంటున్నారు. అంటే సహకార వాద్యమే కదా! మనకిది కొత్తేం కాదు. కర్ణాటక కచేరీ వార్తల్లో వయొలిన్‌పై ఫలానావారు, మృదంగంపై ఫలానావారు వాద్య సహకారం అందించారని మీరే ఎప్పట్నుంచో వేస్తున్నారు. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఆయన ఏయే మహానుభావులకు పక్కవాద్యం వాయించారో అందరం గొప్పగా చెప్పుకున్నాం. ఆ ఒక్క వాక్యం పియానోకి కూడా ఇమ్మంటున్నాను.

వచ్చే నెల వీళ్లిద్దరిదే మరో కచేరీ ఉంది. మీ విలేకరి వస్తే, స్టేజీ మీద ఎడమవైపు కూర్చునే అమ్మాయి దగ్గరికి కూడా వెళ్లి పేరు రాసుకోమని చెప్పండి. ఇంటిపేరుతో సహా చెబుతుంది.

— ఓ పియానో టీచరు, తార్నాక, సికింద్రాబాద్