మృగవని దాకా సైకిల్ బాట వేయాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ నిజంగా మెచ్చుకోదగినది. పైన సోలార్ పలకల నీడ, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పున నున్నని దారి, దారిలోకి హారన్ మోగించే వాహనమే రాకపోవడం వల్ల పిల్లలూ పెద్దవాళ్లూ అక్కడ నిశ్చింతగా తొక్కుతున్నారు. అయితే నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చే దారి పోలీసు అకాడమీ దగ్గరే ఆగిపోతోంది. అక్కడి నుంచి చిలుకూరులోని మృగవని జాతీయ ఉద్యానానికి వెళ్లాలంటే బీజాపూర్ రహదారిపై లారీలు, బస్సులు, చిలుకూరు బాలాజీ ఆలయానికి వెళ్లే కార్ల మధ్య నడపక తప్పదు. వెనక నుంచి లారీ దూసుకొస్తే తారు అంచు దిగాల్సి వస్తుంది, సన్నటి టైరు కంకరలో జారిపోతుంది.

ఈ బీజాపూర్ రహదారి విస్తరణలో భాగంగానే, దాని పక్కనున్న పాత మర్రిచెట్లను నరకకుండా వాటి వరుసకు అవతల, వాహనాలు ఎక్కలేని విధంగా అడ్డుగట్టు కట్టి ప్రత్యేక సైకిల్ బాట వేయాలని అధికారులను కోరుతున్నాను. ఆ బాట ఉద్యానం కంచెకు బయటే ఉండాలి. జింకలు, కణుజులు తిరిగే చోటికి సైకిళ్లను కూడా అనుమతించకూడదని నా గట్టి అభిప్రాయం. రాత్రిపూట దీపాలూ అక్కర్లేదు. బాట పూర్తయ్యేలోగా ఆదివారం ఉదయం కొన్ని గంటలపాటు ఉద్యానం పక్క రోడ్లపై, స్థానికులకు మినహాయింపునిచ్చి, మోటారు వాహనాలను నిలిపివేయాలి.

– ఒక సైకిలిస్టు, రాజేంద్రనగర్