క్రీడా విభాగం వార్షిక నివేదిక: ఎన్.సి. స్టేట్ పురుషుల బాస్కెట్‌బాల్, 2023-24

రాలీ, క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లోని సంఘ సభ్యులందరికీ నమస్కారం.

మన నివేదికలో ఏటా క్రికెట్ ముందుంటుంది, బాస్కెట్‌బాల్‌కి చివర్లో నాలుగు వాక్యాలు దక్కుతాయి. ఈసారి క్రికెట్, షటిల్ పోటీల వివరాలు వేరే పత్రంలో పంపుతున్నాం. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఈ పత్రం మొత్తం ఒక్క జట్టుకే, ఎన్.సి. స్టేట్‌కి, అంటే నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి. మన సభ్యుల్లో ఎన్.సి. స్టేట్‌లో ఎం.ఎస్. చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు చాలామంది. వాళ్లు కూడా ఫిబ్రవరి చివరికి ఈ జట్టు మీద ఆశ వదిలేసుకున్నారు. కాబట్టి ముందు ఆ జట్టు ఎక్కడ నిలబడి ఉందో చెప్పాలి.

రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి 17 గెలుపులు, 14 ఓటములు. బయటి జట్లతో 8-3. ఆ మూడు ఓటములు బ్రిగమ్ యంగ్, ఓల్ మిస్, టెనెసీ చేతుల్లో. సొంత కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) ఏసీసీలో 9-11. చివరి నాలుగు ఆటలూ వరసగా ఓడారు: ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా (చాపెల్ హిల్‌లోని పొరుగు యూనివర్సిటీ), డ్యూక్, పిట్స్‌బర్గ్. కోచ్ కెవిన్ కీట్స్ ఉద్యోగం గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ ఏడాది 68 జట్ల జాతీయ టోర్నమెంటులో 32 చోట్లు కాన్ఫరెన్స్ విజేతలకు నేరుగా దక్కేవి, మిగతా 36 కమిటీ ఎంపిక. 17-14తో కమిటీ పిలుపు రాదు. మిగిలిన దారి ఒక్కటే, ఏసీసీ టోర్నమెంటు గెలవడం.

ఆ దారి ఎంత ఇరుకో చూడండి. ఏసీసీలో అప్పటికి 15 జట్లు. మొదటి నాలుగు స్థానాల వాళ్లు నేరుగా గురువారం క్వార్టర్ ఫైనల్లో దిగుతారు. 5 నుంచి 9 వరకు ఉన్నవాళ్లు బుధవారం మొదలుపెడతారు. 10 నుంచి 15 వరకు ఉన్నవాళ్లకు మంగళవారమే మొదటి ఆట. మనది పదో స్థానం. అంటే టైటిల్ కావాలంటే ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలవాలి. ఏసీసీలో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. వేరే కాన్ఫరెన్సులో 2011లో కనెటికట్ చేసింది.

వాషింగ్టన్ డీసీలో మార్చి 12 నుంచి 16 దాకా జరిగింది ఇది: లూయివిల్ మీద 94-85, సిరక్యూస్ మీద 83-65, డ్యూక్ మీద 74-69, వర్జీనియా మీద ఓవర్‌టైమ్‌లో 73-65, ఫైనల్లో నార్త్ కరోలినా మీద 84-76. స్టేట్‌కి 1987 తరవాత ఇదే తొలి ఏసీసీ టైటిల్. ఫైనల్లో డీజే హోర్న్ 29 పాయింట్లు వేశాడు. టోర్నమెంటు ఉత్తమ ఆటగాడు డీజే బర్న్స్.

అందరూ దీన్ని అద్భుతం అన్నారు. క్రీడా విభాగం దృష్టిలో అద్భుతం అనదగ్గది ఒక్క షాటే. మిగతాదంతా ఎక్కడ ఏది ఎలా మారిందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఆ షాట్ సంగతి ముందు చెబుతాం, ఎందుకంటే దాని వెనక ఉన్న నిబంధన గురించి సభ్యులు చాలాసార్లు అడిగారు. వర్జీనియా 58-55తో ముందుంది, ఐదు సెకన్లే మిగిలాయి, ఫ్రీ త్రో (ఫౌల్‌కి బదులుగా, అడ్డు లేకుండా ఒక పాయింటుకి వేసే షాట్) లైన్ దగ్గర వర్జీనియా ఆటగాడు ఐజాక్ మెక్‌నీలీ. కాలేజీ ఆటలో ఒక అర్ధభాగంలో ఎదుటి జట్టు ఏడో ఫౌల్ చేసినప్పటి నుంచి 'వన్ అండ్ వన్' వర్తిస్తుంది. మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది ఇస్తారు, పడకపోతే బంతి ఆటలోనే ఉంటుంది. పదో ఫౌల్ నుంచి మాత్రం రెండూ ఖాయం. మెక్‌నీలీ మొదటిదే తప్పాడు. రీబౌండ్, అంటే తప్పిన బంతి, స్టేట్‌కి దక్కింది. మైఖేల్ ఓకానెల్ పరుగెత్తుతూ విసిరిన మూడు పాయింట్ల బంతి బోర్డుకి తగిలి, రింగు మీద ఆడి, లోపల పడింది. 58-58. ఓవర్‌టైమ్ ఐదు నిమిషాల్లో స్టేట్ 15, వర్జీనియా 7.

మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న వర్జీనియా ఓకానెల్‌ను ముందే ఫౌల్ చేయాల్సిందా? అలా చేస్తే అతనికి దక్కేది ఫ్రీ త్రోలే, రెండూ వేసినా ఇంకా ఒక పాయింటు వెనకే. కానీ అతను చేయి ఎత్తాక ఫౌల్ చేస్తే మూడు ఫ్రీ త్రోలు ఇవ్వాలి. అందుకే ఫౌల్ చేయాలంటే బంతి నేల మీద కొడుతున్నప్పుడే, మధ్య గీత దగ్గరే చేయాలి. లెక్క ఫౌల్ చేయడం వైపే ఉందని మా అభిప్రాయం. అయితే అయిదు సెకన్లలో అది నిలబడి ఆలోచించే విషయం కాదు.

ఇక అసలు కారణాలు. మొదటిది బర్న్స్. ఆరడుగుల తొమ్మిదంగుళాలు, 275 పౌండ్లు, ఎడమచేతి వాటం. బుట్టకు ఎడమో కుడో పది, పన్నెండడుగుల దూరంలో వీపు తిప్పి బంతి అందుకుంటాడు. రెండు మూడు సార్లు భుజంతో నెట్టి చోటు సంపాదించుకుంటాడు. అక్కడి నుంచి నెమ్మదిగా తిరిగి ఎడమచేత్తో వదులుతాడు. ఎగరడం తక్కువ, తొందర అసలు లేదు. ఒక్క మనిషితో కాపలా పెడితే పాయింట్లు వేస్తాడు. రెండో మనిషిని పంపితే ఎవరు ఖాళీ అయ్యారో అప్పటికే చూసి ఉంటాడు. నార్త్ కరోలినా మీద ఫైనల్లో 20 పాయింట్లతో పాటు ఏడు అసిస్టులు (వేరేవాళ్లు పాయింట్లు వేసేలా అందించిన బంతులు) ఇచ్చాడు. కాలేజీ సెంటర్లలో ఏడు అసిస్టులు అరుదు. బంతి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వచ్చినప్పుడు హోర్న్, కేసీ మోర్సెల్ ఖాళీగా నిలబడి షాట్ వేయగలిగారు. ఆ ఖాళీ బర్న్స్ సంపాదించి పెట్టినది.

రెండోది మొహమద్ డియారా. సీజన్ మధ్య వరకు ఈ జట్టుకి పెద్ద లోటు రీబౌండ్లు. ఎదుటివాళ్లు షాట్ తప్పినా మళ్లీ బంతి వాళ్లకే దక్కేది. బర్న్స్ నేలకు అతుక్కుని ఆడే మనిషి, అతని పక్కన ఎగిరే మనిషి కావాలి. డియారాకు నిమిషాలు పెరిగాక ఆ లోటు పూడింది. జాతీయ టోర్నమెంటులో మార్కెట్ (Marquette) యూనివర్సిటీపై 15 రీబౌండ్లు, టెక్సస్ టెక్‌పై 17 పాయింట్లు, 12 రీబౌండ్లు. ఇదంతా రంజాన్ ఉపవాసంలో. ఆ ఏడాది ఉపవాసాలు మార్చి 11న మొదలయ్యాయి, ఏసీసీ టోర్నమెంటు మర్నాడే. తెల్లవారకముందు తిని, పగలంతా నీళ్లు కూడా లేకుండా ఆడాడు. సాయంత్రపు ఆటల్లో పొద్దుగూకితే నోరు తడుపుకునే వీలుంటుంది. అరిజోనాలోని గ్లెండేల్‌లో పర్డ్యూతో ఆడిన జాతీయ సెమీఫైనల్ అక్కడి కాలమానంలో మధ్యాహ్నం 3 దాటాక మొదలై, సూర్యుడు ఉండగానే ముగిసింది. ఆ వీలు కూడా దొరకలేదు.

మూడోది కాలం. ఎక్కువ నిమిషాలు ఆడిన ఏడుగురూ వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లే: హోర్న్ అరిజోనా స్టేట్, బర్న్స్ విన్‌త్రాప్, ఓకానెల్ స్టాన్‌ఫర్డ్, మోర్సెల్ వర్జీనియా, జేడెన్ టేలర్ బట్లర్, డియారా మిజూరీ, బెన్ మిడిల్‌బ్రూక్స్ క్లెమ్‌సన్. వీళ్లలో ఐదుగురికి స్టేట్‌లో ఇదే మొదటి ఏడాది. డిఫెన్సులో ఎవరు ఎప్పుడు మనిషిని మార్చుకోవాలో మాట అవసరం లేకుండా అందాలంటే నెలలు పడుతుంది. నవంబరులో ఇలాంటి జట్టును చూసి తీర్పు చెప్పకూడదు. ఫిబ్రవరిలో తీర్పు చెప్పినవాళ్లనూ తప్పుపట్టలేం.

జాతీయ టోర్నమెంటులో పదకొండో సీడ్‌గా (కమిటీ ఇచ్చే ర్యాంకు) టెక్సస్ టెక్‌ని 80-67తో ఓడించారు. ఆ ఆటలో బర్న్స్‌కి విశ్రాంతి ఇచ్చినప్పుడల్లా దిగిన మిడిల్‌బ్రూక్స్ 21 పాయింట్లు వేశాడు. కెంటకీని ఇంటికి పంపిన ఓక్లాండ్‌పై ఓవర్‌టైమ్‌లో 79-73. డాలస్‌లో రెండో సీడ్ మార్కెట్‌పై 67-58. ఇక్కడ అదృష్టం కూడా కలిసొచ్చిందని ఒప్పుకోవాలి, మార్కెట్ 31 మూడు పాయింట్ల షాట్లలో నాలుగే వేయగలిగింది. మార్చి 31న డ్యూక్‌తో మొదటి సగం ముగిసేసరికి 21-27తో వెనక. రెండో సగంలో 55 పాయింట్లు వేసి 76-64తో గెలిచారు. డ్యూక్ బర్న్స్‌ను చాలాసేపు ఒక్క మనిషి కాపలాకే వదిలింది. అతను 19 షాట్లలో 13 వేసి 29 పాయింట్లు చేశాడు. 1983 తరవాత స్టేట్‌కి ఇదే తొలి ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దశ. ఆ 1983 జట్టు, జిమ్ వాల్వానో జట్టు, హ్యూస్టన్‌ను 54-52తో ఓడించి చాంపియన్ అయింది. అంతకుముందు 1974లో డేవిడ్ థాంప్సన్ ఉన్న జట్టు గెలిచింది. స్టేట్‌కి పురుషుల జాతీయ టైటిళ్లు ఆ రెండే. మహిళల జట్టు కూడా ఇదే ఏడాది ఫైనల్ ఫోర్ చేరి సౌత్ కరోలినా చేతిలో ఓడింది. మహిళల సీజన్‌కి వచ్చే నివేదికలో తగినంత చోటు ఇవ్వాలని సూచన వచ్చింది, అంగీకరించాం.

ఏప్రిల్ 6న సెమీఫైనల్లో పర్డ్యూ చేతిలో 50-63తో ఓటమి. కారణం సూటిగా ఉంది. పర్డ్యూ సెంటర్ జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. బర్న్స్ భుజంతో నెట్టి చోటు సంపాదించే పద్ధతి తనకన్నా బరువైనవాడి మీద పనిచేయదు. నెట్టినా ఆ చేతుల పైనుంచి వేయాలి. బర్న్స్ ఎనిమిది పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. రెండో మనిషి రావాల్సిన అవసరం లేకపోవడంతో బయటివాళ్లకు ఖాళీలు దొరకలేదు. పైగా మొదటి సగంలోనే ఓకానెల్‌కు తొడ వెనక కండరం పట్టేసింది, బంతి నడిపే బరువు హోర్న్ మీద పడింది. మొత్తం 26-15తో సీజన్ ముగిసింది.

ఇక మన కార్యక్రమాలు.

సామూహిక వీక్షణలో ఎదురైన ప్రధాన సమస్య ప్రసారం. ఆదివారం డ్యూక్ ఆట సీబీఎస్‌లో వచ్చింది. మన ప్రాంతంలో సీబీఎస్ 17ను మామూలు యాంటెనాతో ఉచితంగా పట్టవచ్చు. ఫైనల్ ఫోర్ టీబీఎస్‌లో వచ్చింది. అది యాంటెనాకి అందదు, కేబుల్ గాని స్ట్రీమింగ్ చందా గాని ఉండాలి. స్ట్రీమింగ్ అసలు ప్రసారం కన్నా అర నిమిషమో, అంతకన్నా ఎక్కువో వెనక ఉంటుంది. రెండు గదుల్లో రెండు రకాల ప్రసారం పెడితే పక్కగది కేకలే స్కోరు చెప్పేస్తాయి. ఇకమీదట హాలంతటికీ ఒకే కనెక్షన్, ఒకే తీగ నుంచి రెండు తెరలు.

ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం. వేడుక మాత్రం శనివారం 6నే పెట్టుకున్నాం, సెమీఫైనల్ కూడా ఆ సాయంత్రం 6 దాటాకే మొదలు. హాలు మార్చడం కుదరదు కాబట్టి పంచాంగ శ్రవణం, పిల్లల అంశాలు ముందుకు జరిపి, భోజనాలు ఆట సమయానికి వచ్చేలా సర్దాం. ఇక్కడ పనికొచ్చే విషయం ఒకటి. ప్రతి అర్ధభాగంలో 16, 12, 8, 4 నిమిషాలు మిగిలినప్పుడు, ఆ తరవాత ఆట ఆగిన వెంటనే ప్రకటనల విరామం ఇస్తారు. వడ్డన ఆ విరామాల్లోనే చేయాలి. అందరినీ హాఫ్‌టైమ్‌కి లేపితే పులిహోర దగ్గరే వరస ఆగిపోతుంది.

బ్రాకెట్ పోటీ (ఏ ఆట ఎవరు గెలుస్తారో ముందే రాసిచ్చే పోటీ) విషయంలో మన సంఘం కమిటీ గట్టిగా ఉంది: డబ్బు పెట్టకూడదు. నార్త్ కరోలినా రాష్ట్రంలో ఫోన్‌లో క్రీడా పందేలు 2024 మార్చి 11నే చట్టబద్ధమయ్యాయి, అదీ 21 ఏళ్లు నిండినవాళ్లకు. మన పోటీలో సగం మంది పిల్లలు. తొలి వడపోత ఆటల తరవాత మిగిలే 64 జట్ల నుంచి 63 ఆటలు, రౌండుకు 1, 2, 4, 8, 16, 32 పాయింట్ల చొప్పున. ప్రతి రౌండుకీ మొత్తం 32 పాయింట్లే కాబట్టి అన్నీ సరిగ్గా చెప్పినవాళ్లకు 192. సమానమైతే ఫైనల్ మొత్తం స్కోరు అంచనా చూస్తాం. ఈసారి ఫైనల్ కనెటికట్ 75, పర్డ్యూ 60, అంటే 135. గడువు గురువారం మొదటి ఆటకు ముందే. గడువు దాటాక వాట్సాప్‌లో ఫొటో పంపినవి లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోబోం.

జట్టు ప్రభావంతో పిల్లల శిక్షణకు పేర్లు బాగా వచ్చాయి. అక్కడ కనిపించిన పెద్ద తప్పు బంతి సైజు. ఎనిమిదేళ్ల బాబుకి నాన్నగారి ఏడో నంబరు బంతి, పదడుగుల రింగు ఇస్తే నడుము దగ్గర నుంచి విసరడం అలవాటవుతుంది, తరవాత ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఐదో నంబరు, అంటే చుట్టుకొలత 27.5 అంగుళాలు. పన్నెండు దాటిన అమ్మాయిలకు, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల అబ్బాయిలకు ఆరో నంబరు, 28.5. ఏడో నంబరు, 29.5, ఆపై అబ్బాయిలకే. రింగు ఎత్తు చిన్నవాళ్లకు ఎనిమిదడుగులు, తరవాత తొమ్మిది. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే ఆరడుగుల ఎత్తు నుంచి వదిలి చూడండి, నాలుగడుగులు దాటి కాస్త పైకి లేవాలి. లోపలి కోర్టు కోసం కొన్న తోలు బంతిని ఇంటి ముందు కాంక్రీటు మీద కొట్టించకండి, కొద్ది వారాల్లో పట్టు పోతుంది. బయటికి రబ్బరు బంతి చాలు.

పిల్లలంతా ఓకానెల్‌లా పరుగెత్తుతూ దూరం నుంచి విసరాలనే ఉబలాటపడుతున్నారు. శిక్షకులు నేర్పబోయేది మాత్రం బర్న్స్ పాదాల పని: వీపు తిప్పి బంతి అందుకోవడం, ఒక కాలు స్థిరంగా ఉంచి రెండోదాన్ని బుట్ట వైపు వేయడం, దారి మూసుకుంటే ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వడం.

కొత్త సీజన్ నవంబరులో మొదలవుతుంది. డ్యూక్, నార్త్ కరోలినా జట్లు రాలీకి వచ్చే రోజుల టిక్కెట్లు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. నవంబరు, డిసెంబరుల్లో చిన్న కాలేజీలతో ఆడే ఆటలకు కుటుంబం మొత్తం తక్కువలో వెళ్లవచ్చు, కింది వరసల్లో కూర్చుని పాదాల పని దగ్గరగా చూడవచ్చు. గుంపుగా తీసుకునే టిక్కెట్ల కోసం పేర్లు షెడ్యూలు వచ్చిన వారంలోగా క్రీడా విభాగానికి ఇవ్వండి. పిల్లల పేరుతో పాటు వయసు, ఇంట్లో ఉన్న బంతి నంబరు కూడా రాయండి.