నాలుగు నెలల ఎరువు గుళికలపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: పూలమొక్కల ఎరువు ప్యాకెట్‌పై అసంపూర్ణంగా ఉన్న సూచనలు.

అయ్యా,

హైదరాబాద్‌లో మా మిద్దె మీది కుండీలలోనూ, ఇంటి ముందరి మడిలోనూ వేసిన బంతి, జినియా మొక్కల కోసం, మీ సంస్థ తయారుచేసే పైపొర ఉన్న ఎరువు గుళికలను ఫిబ్రవరిలో కొన్నాను. ఒకసారి వేస్తే నాలుగు నెలలపాటు మరే ఎరువూ అక్కర్లేదని ప్యాకెట్‌పై పెద్ద అక్షరాలతో ఉంది. వెనుక చెప్పిన మోతాదునే కొలిచి వేశాను. మడిలోని బంతి బాగానే పూసింది. కుండీలలోని జినియాలకు మాత్రం ఎండలు ముదరగానే ఆకుల అంచులు మాడిపోయాయి, కుండీల అంచుల వెంట తెల్లటి ఉప్పు పేరుకుంది. ఏప్రిల్ చివరికల్లా కింది ఆకులు పసుపుబారి, కొత్త మొగ్గలు రావడం ఆగిపోయింది. మట్టిలోంచి గుళికలను తీసి వేళ్లతో నొక్కితే నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

ఇటువంటి గుళికల పైపొర గుండా నీటి ఆవిరి లోపలికి చేరి ఎరువును కరిగిస్తే, అది మెల్లగా బయటికి వస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ వేగమూ పెరుగుతుంది. నెలల లెక్కను సాధారణంగా 21 లేదా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద కడతారు. పగలు 40 డిగ్రీలకు చేరే మా వేసవిలో, కాగిన మిద్దె మీద ఆ లెక్క ఎలా నిలుస్తుంది? పైగా కొబ్బరిపొట్టు కలిపిన కొద్దిపాటి మట్టికి రోజూ నీళ్లు పోయక తప్పదు కనుక, విడుదలైన నత్రజనిలో చాలా భాగం అడుగు రంధ్రాల గుండా కొట్టుకుపోతుంది. మడిలో మట్టి ఎక్కువ, వేర్లు దూరం పాకే వీలుంది. ఈ రెండింటికీ ఒకే మోతాదు, ఒకే గడువు ముద్రించడం నిర్లక్ష్యమే.

ఫోన్ చేస్తే, మీ సిబ్బంది ఇంకో రెండు చెంచాలు వేయమన్నారు. ఉప్పు పేరుకున్న కుండీలో అలా వేస్తే వేర్లు ఇంకా దెబ్బతింటాయి. ముందు మంచినీళ్లు ధారాళంగా పోసి ఆ లవణాలను కడిగేయాలనీ, మొక్క తేరుకున్నాకే నీటిలో కరిగే ఎరువును పలుచగా ఇవ్వాలనీ చెప్పవలసినవారు అలాంటి సలహా ఇవ్వడం నన్ను చాలా బాధించింది. ఈ మొక్కలు ఒక్క కాలం పూసి ముగిసిపోయేవి. పోయిన ఆ కాలాన్ని తర్వాత ఏ ఎరువూ తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి నాలుగు నెలల లెక్కను ఏ ఉష్ణోగ్రత వద్ద కట్టారో, కుండీలకు ఎంత, మడులకు ఎంత వేయాలో, వేసవిలో మళ్లీ ఎప్పుడు వేయాలో ప్యాకెట్‌పై తెలుగులో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. నా ప్యాకెట్ వెల తిరిగి చెల్లించి, దుకాణాలలో ఉన్న ప్యాకెట్లకు ఈ సూచనల చీటీని ఎప్పటిలోగా అతికిస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. రసీదు, కుండీల ఫోటోలు జతచేశాను.

భవదీయ,
మీ వినియోగదారు