పాత చందమామలు దొరికితే

అందరికీ నమస్తే అండీ, నిన్న ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద 1956 నాటి చందమామ ఒకటి దొరికింది, లోపల చిత్రా గారి బొమ్మలూ శంకర్ గారి బొమ్మలూ రంగు చెదరకుండా ఉన్నాయి, చేతిలోకి తీసుకోగానే ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. 400 అడిగాడు, బేరమాడి 300కి తెచ్చుకున్నా.

కొత్తగా కలెక్ట్ చేసేవాళ్ళకి ఒక మాట. కొనేముందు పేజీలు లెక్కపెట్టుకోండి, చాలా కాపీల్లో పిల్లలు బొమ్మలు కత్తిరించుకుని ఉంటారు, సీరియల్ మధ్యలో పేజీ పోతే ప్రాణం ఉసూరుమంటుంది. బైండు చేసినవైతే అట్టలు తీసేసి అంచులు కోసేసి ఉంటాయి, అయినా వదలకండి, చదువుకోడానికి అవే గట్టివి. పిన్నులు తుప్పుపడితే కాగితానికి గోధుమరంగు మరక దిగుతుంది, మెల్లగా గోరుతో కాళ్ళు ఎత్తి తీసేసి తెల్ల దారంతో కుట్టుకోండి. చిరిగినచోట సెల్లోటేప్ మాత్రం అస్సలు వెయ్యొద్దు, కొన్నేళ్ళకి ఆ జిగురు పసుపెక్కి అక్షరాలు కూడా లాగేస్తుంది.

మొదటి సంచిక 1947 జులైది, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన ఏడాది. ఆ ఏడాదివి ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దయచేసి పాతపేపర్ల వాడికి వెయ్యకండి, ముందు ఇక్కడ ఫోటో పెట్టండి, నేనే వచ్చి తీసుకెళ్తా.