ఈ వారం వినవలసిన ఆల్బమ్: మిస్టర్ బ్యాడ్ గై

మిత్రులారా, ఈసారి బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మొదటి సోలో ఆల్బమ్ విందాం. 1985 ఏప్రిల్‌లో వచ్చింది. 11 పాటలూ ఆయన రాసినవే. అన్నట్టు, దీన్ని తన పిల్లులకు అంకితమిచ్చారు!

క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే వాయించే గిటారు కోసం ఎదురుచూడకండి. ఇక్కడ సింథసైజర్లదే, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డులదే రాజ్యం. కొన్నిచోట్ల అవి గొంతుకు అడ్డుపడుతున్నాయని నా ఫిర్యాదు. ‘మేడ్ ఇన్ హెవెన్’, ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’ పాటలను మాత్రం శ్రద్ధగా వినండి. ఫ్రెడ్డీ మరణించాక బృందంలో మిగిలిన ముగ్గురూ ఆ గొంతును ఉంచి, చుట్టూ వాద్యాలు కొత్తగా వాయించి, 1995లో క్వీన్ ఆల్బమ్‌లో చేర్చారు. నా ఓటు ఆ రెండో రూపానికే. రెండూ పక్కపక్కన విని, కాదనేవాళ్లు ఆదివారంలోగా వాదనకు రండి.