జయంతి పేరు సరే, పిల్ల ఏదండీ?

సంపాదకులకు,

జులై 10న మత్స్య రైతుల దినోత్సవం ఘనంగా జరిగిందని ఫొటోతో సహా మీ జిల్లా పేజీలో వేశారు. అక్కడి పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, జయంతి రోహు అనే మేలుజాతి శీలావతి చేపను చెరువుల్లో వేసుకోండని మాకు హితబోధ చేశారు. వేస్తామండీ. నికార్సయిన చేప పిల్ల ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే ఇంకా సంతోషించేవాళ్లం.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ (సీఫా) శాస్త్రవేత్తలు నార్వే వాళ్లతో కలిసి 1992లో ఈ జాతిని తయారుచేసే పని మొదలుపెట్టారు. గంగ, యమున, బ్రహ్మపుత్ర లాంటి నదుల శీలావతిని తెచ్చి, పిల్లలకు గుర్తింపు చిప్పులు పెట్టి, ఏది ఏ జంట సంతానమో రాసుకుని, బాగా ఎదిగిన కుటుంబాలనే ఎంచి కలిపారు. తరానికి సుమారు 17 శాతం చొప్పున అదనపు ఎదుగుదల సాధించి 1997లో విడుదల చేశారు. ఆ కష్టానికి దండం పెట్టాలి.

మరి మా వైపు చేప పిల్లల్ని పుట్టించి అమ్మే హేచరీల్లో చాలా చోట్ల? ఏళ్ల తరబడి అవే తల్లి చేపలు. అమ్ముడుపోగా మిగిలిన పిల్లలే పెరిగి మళ్లీ తల్లిదండ్రులు. మనుషుల్లో మేనరికమే వద్దంటుంటే, ఇక్కడ అన్నాచెల్లెళ్లకే ఇంజెక్షన్ వేసి గుడ్డు పెట్టిస్తున్నారు. నేను కిందటేడు జయంతి అని చెప్పిన పిల్లనే కొన్నాను. పట్టుబడి రోజు వల లాగితే ఒకే ఈడు చేపల్లో కిలో దాటినవి, అరకిలో కూడా రానివి, మూతి వంకరవి కలిసే వచ్చాయి. వ్యాపారి చిన్నవాటిని పక్కకు నెట్టి రేటు కోశాడు. తవుడు మాత్రం అన్నీ సమానంగానే తిన్నాయి! హేచరీ వాళ్లనడిగితే మీ నీళ్లు బాగోలేవన్నారు. బిల్లు మీద చూస్తే 'చేప పిల్లలు' అనే ఉంది, జాతి ఊసే లేదు.

అదే వనామీ రొయ్యకైతే విదేశాల నుంచి విమానంలో తల్లులు దిగుతాయి, చెన్నై క్వారంటైన్‌లో పరీక్షలు అయ్యాకే హేచరీకి చేరతాయి. డాలర్లు తెచ్చే రొయ్యకున్న మర్యాద కోల్‌కతా లారీ ఎక్కే చేపకు లేదు.

చట్టం లేదా అంటే, చేప, రొయ్య పిల్లల నాణ్యత కోసం ఆక్వా విత్తన నాణ్యత చట్టం 2006లోనే చేశారు. రైతు దగ్గరైతే చెరువు రిజిస్ట్రేషన్, ఆధార్, జిరాక్స్ కాపీలంటూ చెప్పులరిగేలా తిప్పుతారు. తల్లి చేప ఎక్కడిదని హేచరీలో అడిగిన అధికారి మాత్రం మా మండలంలో నాకింతవరకు కనపడలేదు. అడగడానికి తీరిక ఏదీ, సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులతోనే సరిపోతోంది పాపం.

ఏ హేచరీ తల్లి చేపలను ఎక్కడి నుంచి, ఏ ఏడాది తెచ్చిందో మత్స్యశాఖ జాబితా ప్రకటించాలి. బిల్లు మీద జాతి పేరు రాయని పిల్లను అమ్మనివ్వకూడదు. పిల్ల వేసే సీజన్ ఇంకా నడుస్తోంది, వచ్చే ఏడాది చూద్దామనొద్దు.

– ఒక చేపల రైతు, ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా